గోడవార వరుస

నఖ్లే అన్న ఏటా నవంబరులో మా వంట స్కూలుకి వచ్చేవాడు. ద్రాక్ష కోతలు ముగిసి, కొత్త వైన్ పొంగు తగ్గి కుదుటపడే రోజులవి. పాత పికప్ బండి వెనక గడ్డి పరిచి, దాని మీద సీసాల పెట్టెలు పేర్చుకుని, కొండ మీది తోట నుంచి మా ఊరు జహ్లేకి దిగేవాడు. మా పిల్లలకి వైన్ రుచి చూడడం నేర్పడానికి వేరేవాళ్ళూ వచ్చేవారు. వాళ్ళు కోట్లు వేసుకుని, గోడ మీద తమ తోటల బొమ్మలు చూపించి, ఇందులో చెర్రీ ఉంది, ఇందులో పొగాకు ఉంది అని ముందే చెప్పేసేవారు. నఖ్లే అన్న అలా చెప్పడు. మోచేతుల దగ్గర అరిగిన స్వెటర్‌తో, గోళ్ళ సందుల్లో ఊదారంగు మరకలతో వచ్చి, బల్ల చుట్టూ గ్లాసులు సర్ది, "మీ ముక్కు మీది. ఏం తగిలితే అది రాయండి. పుస్తకంలో చదివింది రాశారో, మళ్ళీ రాను," అనేవాడు.

నేనా స్కూల్లో పంతొమ్మిదేళ్ళుగా చల్లని వంటకాలు నేర్పుతున్నాను. వదాద్ మేడమ్ అంటే పిల్లలకి కాస్త భయం, నా కత్తి కంటే నా నోరు పదునని. ఈ రుచి పాఠాలు ఏర్పాటు చేసేది నేనే, గ్లాసులు కడిగేదీ నేనే. గ్లాసులో సబ్బు వాసన పిసరంత మిగిలినా పాఠం పాడైపోతుంది కాబట్టి ఇంకొకరి చేతికి ఇవ్వను.

నఖ్లే అన్న ఎప్పుడూ ఆరు రకాలు పోసేవాడు. ఐదింటికి కాగితం అంటించి ఉండేది. ఆరో సీసాకి ఏమీ ఉండదు. మొదటి ఐదింటి దగ్గర పిల్లల్ని నవ్వించేవాడు, తిట్టేవాడు, గ్లాసు పట్టుకోవడం రానివాళ్ళ వేళ్ళు సరిచేసేవాడు. ఆరోది పోశాక మాత్రం మాట్లాడేవాడు కాదు. చేతులు వెనక్కి కట్టుకుని కిటికీ దగ్గర నిలబడేవాడు. పిల్లలు రాసిన కాగితాలు తనే తీసుకుని, నిలబడే చదివి, మడిచి జేబులో పెట్టుకునేవాడు. ఇదేం తోటదని ఒకసారి అడిగాను. "గోడవార వరుస," అన్నాడు. అంతకుమించి నేను అడగలేదు.

రెండువేల ఎనిమిదిలో అనుకుంటా, ఆ రోజు పొద్దున్నించీ వాన. క్లాసులో పన్నెండు మంది. అందులో నజ్లా ఒకతె. ఇరవై ఒక్క ఏళ్ళ పిల్ల, కొండ ఊరు నుంచి వచ్చింది. కత్తి పని ఆ అమ్మాయంత శుభ్రంగా చేసేవాళ్ళు నా చేతుల్లోంచి నలుగురు కూడా వెళ్ళలేదు. ప్రతిదీ తూకం వేసి వేసేది. వంట దించే ముందు ఎప్పుడూ పక్కవాణ్ణి పిలిచి, "ఒకసారి చూడవా," అనేది. వినయం అనుకునేవాళ్ళం.

ఐదు గ్లాసులు సరదాగా గడిచాయి. వజీహ్ అని మా క్లాసు విదూషకుడు ఒకడున్నాడు, మూడో గ్లాసులో వాళ్ళ మామయ్య బూట్ల వాసన వస్తోందన్నాడు.

"ఏం బూట్లు?" అన్నాడు నఖ్లే అన్న.

"తోలువి బాబాయ్. వానకి తడిసినవి."

"శభాష్. అది తోలే. నీ ముక్కు మంచిదిరా, నోరే బాగాలేదు."

అందరూ నవ్వారు. ఆరో గ్లాసు పోశాడు. ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళాడు. పిల్లలు వాసన చూసి, పుక్కిలించి, ఉమ్మి, రాయడం మొదలుపెట్టారు. నేను బల్ల చివర నిలబడి ఉన్నాను కనుక నజ్లాని చూశాను. గ్లాసు ముక్కుకి ఆనించుకుని అలాగే ఉండిపోయింది. తాగలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ దేన్నీ చూడడం లేదు. పక్కన వజీహ్ మోచేత్తో పొడిచాడు. అప్పుడు ఉలిక్కిపడి, వాడి కాగితంలోకి ఓరగా చూసి, వాడు రాసిందే గబగబా తన కాగితం మీద రాసేసింది.

నఖ్లే అన్న పన్నెండు కాగితాలూ చదివాడు. రేగుపండు, మిరియాలు, నల్ల చెర్రీ. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏటా అదే ముఖం, ఎవరికోసమో ఎదురుచూస్తే బస్సు ఖాళీగా వచ్చినప్పటి ముఖం.

నేను గ్లాసులు కడుగుతుంటే నజ్లా వెనకాలే వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"మేడమ్, ఒక మాట చెప్పాలి. చెప్పాక నన్ను పంపించేస్తారేమో."

"ఏం చేశావ్? గ్లాసు పగలగొట్టావా?"

"నాకు వాసన తెలీదు మేడమ్."

"జలుబు చేసిందా?"

"పదకొండేళ్ళ నుంచి. పదేళ్ళప్పుడు మల్బరీ చెట్టు మీంచి పడ్డాను. తలకి దెబ్బ తగిలింది. అప్పట్నుంచి ఏమీ రాదు. ఉల్లిపాయా లేదు, కాఫీ లేదు, మా అమ్మ వాసన కూడా లేదు. ఉప్పు, పులుపు నాలిక్కి తెలుస్తాయి. మిగతాదంతా తూకంతో చేస్తాను. మాడుతుందో లేదో చప్పుడు విని చెప్తాను."

రెండేళ్ళుగా ఆ పిల్ల చేతి వంట తింటున్నాను.

"దాని సంగతి తర్వాత చూద్దాం. ఇవాళ ఎందుకు చెప్తున్నావ్?"

"ఎందుకంటే ఇవాళ వచ్చింది. ఆ ఆఖరి గ్లాసులో. కానీ అది వైన్ వాసన కాదు మేడమ్. మనిషి వాసన."

నా చేతిలో ఆరో గ్లాసు ఒకటి ఇంకా కడగకుండా ఉంది. అడుగున చుక్క మిగిలింది. వాసన చూశాను. రేగుపండు, కొంచెం మిరియం. మంచి వైన్. అంతే.

నఖ్లే అన్న ఇంకా వెళ్ళలేదు. ఆవరణలో వానకి పెట్టెల మీద టార్పాలిన్ కప్పుతున్నాడు. నజ్లాని తీసుకెళ్ళి ఆయన ముందు నిలబెట్టాను. ఈ అమ్మాయికి వాసన తెలియదు, కానీ నీ ఆరో గ్లాసులో ఏదో తెలిసిందట, అని మాత్రం చెప్పాను. టార్పాలిన్ కొస ఆయన చేతిలోంచి జారిపోయింది.

"చెప్పు తల్లీ. ఏం వచ్చింది?"

"లవంగం."

"అది పీపా చెక్కలోంచి వస్తుంది. అందరూ అంటారు."

"చెక్కలోది కాదు బాబాయ్. నోట్లోది. నొప్పి పెట్టే పన్ను కింద పెట్టుకున్న లవంగం."

ఆయన బండి అంచు పట్టుకున్నాడు. "ఇంకా?"

"జిగురు. సైకిల్ ట్యూబులకి పంక్చర్ వేస్తారే, ఆ జిగురు."

"ఇంకా?"

నజ్లా చెయ్యి తన మెడ మీదికి వెళ్ళింది. "ఇస్త్రీ. తడిబట్ట మీద ఇస్త్రీపెట్టె ఎక్కువసేపు ఉంచితే వస్తుందే, ఆ మాడు వాసన. నాకది ఇక్కణ్ణించి వచ్చింది. ఈ మెడ దగ్గర నించి."

ఆయన వానలోనే బండి చక్రం పక్కన కూర్చుని చెప్పాడు. ఆయన తమ్ముడి పేరు మిత్రీ. ఊళ్ళో సైకిల్ షాపు ఉండేది. ఎనభై మూడులో, సెప్టెంబరులో, మేనమామ కూతురి పెళ్ళికని బయల్దేరాడు. పన్ను సలుపుతోందని లవంగం దవడన పెట్టుకున్నాడు. తల్లి చొక్కా ఇస్త్రీ చేస్తూ ఎవరో పిలిస్తే తల తిప్పింది, కాలర్ వెనక పక్క మాడింది. జుట్టు కప్పేస్తుందిలే అమ్మా అని నవ్వి, అదే తొడుక్కుని, అందరికంటే ముందు కొండదారిన వెళ్ళాడు. దేశంలో అంతర్యుద్ధం రోజులవి, ఆ దారిలో తుపాకులతో కాపలాలు చేతులు మారుతూ ఉండేవి. పెళ్ళికి చేరలేదు. ఇంటికీ రాలేదు.

"కాలర్ సంగతి అమ్మకీ నాకూ మాత్రమే తెలుసు. అమ్మ పోయి పదేళ్ళయింది," అన్నాడు.

యుద్ధం అయ్యాక కొండదారి పక్క బీడునేల కొని ద్రాక్ష వేశాడట. మొదటి కాపు వైన్‌లోనే తమ్ముడి వాసన వచ్చింది. దుఃఖం వల్ల వచ్చిన భ్రమ అనుకున్నాడు. మరుసటి ఏడు కూడా వచ్చింది. అప్పుడు వరుస వరుసకీ వేరువేరుగా కుండల్లో పులియబెట్టి చూశాడు. మిగతా వరుసల్లో లేదు. తూర్పున రాతిగోడ పక్కన వరుసలో ఉంది. పేరున్న రుచి నిపుణులకి పోసి చూశాడు. వాళ్ళు వైన్‌లో ఏం ఉండాలో అదే చెప్పారు. అందుకే ఇంకా ఏదీ నేర్వని ముక్కుల కోసం వంట స్కూళ్ళు తిరగడం మొదలుపెట్టాడు.

"తవ్వి చూడకపోయావా అన్నా?" అన్నాను.

"నాకొక్కడికే వస్తే అది నా బాధ చెల్లెమ్మా. ఇంకొకరికీ వస్తే, అక్కడున్నది వాడే. తవ్వాక ఏమీ లేకపోతే, ఆ వాసన కూడా పోతే, నాకేం మిగులుతుంది?"

నజ్లా ఏడవడం లేదు. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. "నాకు భయమేస్తోంది బాబాయ్," అంది.

"నాకూ," అన్నాడాయన.

ఆదివారం చర్చి అయ్యాక నజ్లా, నేను ఆయన తోటకి వెళ్ళాం. మబ్బు విడిచి ఎండ కాస్తోంది. ఆయన భార్య ఒదెట్ గుమ్మంలోనే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"పాతికేళ్ళుగా ఒక పిచ్చివాడితో వేగుతున్నాను. ఇప్పుడు ముగ్గురయ్యారా? సరే, కాఫీలో చక్కెర ఎంత వెయ్యమంటారు?"

గోడవార వరుసలో నలభై రెండు తీగలు. నఖ్లే అన్న ఏటా వాటిని ఆరేసి చొప్పున విడగొట్టి ఏడు కుండల్లో పులియబెట్టేవాడు. ఏడు కుండల నుంచీ ఏడు గ్లాసులు నింపి రాతిగోడ మీద వరసగా పెట్టాడు. ఏది ఏ కుండదో నాకు గానీ నజ్లాకి గానీ చెప్పలేదు. అమ్మాయి కళ్ళు మూసుకుంది. నేను ఒక్కో గ్లాసూ అందించాను.

మొదటిది. "నీళ్ళు," అంది.

రెండోదీ అంతే. మూడో దానికి కనుబొమ్మలు ముడిపడ్డాయి. "దూరంగా ఉన్నాడు." నాలుగోది ముక్కు దగ్గరికి తీసుకెళ్ళకముందే తల వెనక్కి తీసేసుకుంది, ఎవరో ముఖం మీదికి వంగినట్టు. "ఇక్కడున్నాడు. బాబాయ్, ఇక్కడే ఉన్నాడు." ఐదో దాంట్లో మళ్ళీ దూరం. ఆరోది నీళ్ళు.

నఖ్లే అన్న అప్పటికే పందొమ్మిదో తీగకీ ఇరవై నాలుగో తీగకీ మధ్య నిలబడి ఉన్నాడు. అంతా అయిపోయిందనుకున్నాం. ఏడో గ్లాసు ఊరికే, లెక్క పూర్తి కావాలని ఇచ్చాను.

నజ్లా దాన్ని ముక్కుకి ఆనించింది. కదల్లేదు. గోడ మీద ఏదో పిట్ట అరుస్తోంది, అది కూడా ఆగిపోయినట్టనిపించింది నాకు.

"ఇది ఆయన కాదు," అంది.

"ఎవరు కాదు?"

"మిత్రీ బాబాయ్ కాదు. ఇంకెవరో. ఆడమనిషి."

నఖ్లే అన్న గబగబా వచ్చి ఆ గ్లాసు లాక్కున్నాడు. ఒకటికి నాలుగుసార్లు వాసన చూశాడు. "నల్ల చెర్రీ. నాకేం రావడం లేదు. ఏం వస్తోంది నీకు?"

"పాలు. పొంగి పొయ్యి మీద పడి మాడిన పాలు. సుద్దముక్క పొడి. ఇంకా, పచ్చి అక్రోటు కాయ తొక్క ఒలిస్తే చేతులకి అంటే ఆ ఘాటు."

"నేనామెని ఎరగను," అన్నాడు నఖ్లే అన్న. గ్లాసుని గోడ మీద ఎంతో జాగ్రత్తగా పెట్టాడు. "ఎరగను కాబట్టే నాకు తెలియలేదు. ఈ కొస తీగల్లో మిత్రీ వాసన లేదని, వాటి వైన్ ఇంటికి వాడుకున్నాం. పన్నెండేళ్ళుగా. మధ్యాహ్నం భోజనంలోకి."

కాఫీ పళ్ళెంతో వస్తున్న ఒదెట్ ఆ మాట విన్నది. పళ్ళెం నేల మీద పెట్టి, శిలువ గుర్తు వేసుకుని, వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళింది. ఆవిడ వాంతి చేసుకోవడం తోటలోకి వినిపించింది.

నఖ్లే అన్న జెండార్మ్ పోలీసుల ఠాణాకి వెళ్ళి, తన తోటలో ఎవరో పూడ్చిపెట్టబడ్డారని అనుమానంగా ఉందన్నాడు. ఎందుకని అడిగితే వాసన వస్తోందని చెప్పాడు. కుర్రాడొకడు నవ్వాడట. పెద్ద అధికారి మాత్రం నవ్వలేదు. ఇద్దర్ని పంపాడు. బుధవారం పొద్దున్న తవ్వకం మొదలైంది. ఫాదర్ వచ్చాడు. నేను నజ్లాని తీసుకెళ్ళాను. వద్దన్నా వినలేదు.

నడుం లోతుకి వెళ్ళాక పలకరాళ్ళు తగిలాయి. ఎవరో పనిగట్టుకుని పరిచినవి. తీగల వేళ్ళు ఆ రాళ్ళ సందుల్లోంచి కిందికి దిగి ఉన్నాయి. రాళ్ళు ఎత్తాక నఖ్లే అన్న మిగతావాళ్ళని తప్పుకోమని తనే చేతులతో మట్టి తీశాడు. చొక్కా గుండీలు దొరికాయి. నలిగిన చిన్న రేకు ట్యూబు దొరికింది, జిగురుది. దవడలో ఎడమపక్క పన్ను సగానికి పుచ్చి ఉంది.

అంతసేపూ నజ్లా నా చెయ్యి పట్టుకుని నిలబడింది. తడిమట్టి వాసన, జెండార్మ్‌ల సిగరెట్లు, ఫాదర్ వెలిగించిన సాంబ్రాణి, ఇవేవీ ఆ పిల్లకి తెలియవు. లవంగమూ జిగురూ మాడిన కాలరూ మాత్రం గ్లాసు అక్కర్లేకుండా గాల్లోంచే వస్తున్నాయని చెప్పింది. ఎముకల్ని దుప్పట్లో చుట్టి పైకి తీశారు. అప్పుడు ఆమె వేళ్ళు నా చేతిని వదిలాయి.

"ఆగిపోయింది మేడమ్. ఎవరో రేడియో కట్టేసినట్టు."

వరుస చివర తవ్వితే రెండో మనిషి దొరికింది. ఆడమనిషే. దువ్వెన ఒకటి, రబ్బరు చెప్పు ఒకటి ఉన్నాయి. పేరు చెప్పే వస్తువేదీ లేదు. దుప్పటి చుట్టగానే ఆ వాసనా ఆగిపోయిందని నజ్లా చెప్పింది. ఆ తర్వాత ఆమెకి ఇంకే వాసనా రాలేదు.

బేరూత్‌లో పరీక్షలు చేసి, వసంతానికి మిత్రీని అన్నకి అప్పగించారు. ఊరంతా వచ్చింది. రెండో ఆమె మాత్రం నంబరు కాగితంతో ఆసుపత్రి అరలోనే ఉండిపోయింది. పోల్చి చూడడానికి ఆమె రక్తసంబంధీకులెవరో తెలియాలి కదా.

అప్పుడు మొదలైంది జనం రావడం. మొదట ఒక ముసలాయన డబ్బాలో మట్టి తెచ్చాడు. మా అబ్బాయి ఉన్నాడేమో చూడు తల్లీ అన్నాడు. తర్వాత ఒకావిడ అత్తిపళ్ళ జామ్ సీసా తెచ్చింది, ఆ చెట్టు దగ్గరే తన భర్తని ఆఖరిసారి చూశారట. ఆలివ్ నూనె తెచ్చినవాళ్ళున్నారు. బావి నీళ్ళు తెచ్చినవాళ్ళున్నారు. మా స్కూలు గేటు దగ్గర రోజూ నలుగురైదుగురు ఉండేవారు. నజ్లా ప్రతి ఒక్కరి డబ్బా మూతా తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "నాకేం రావడం లేదు, క్షమించండి," అనేది. మూత తీయకుండా చెప్పమంటే వినేది కాదు. అంత దూరం మోసుకొచ్చారు కదా మేడమ్ అనేది.

ఆ రెండో ఆమె కోసం వచ్చేవాళ్ళకి నేను ఒక నియమం పెట్టాను. మేం ఏ వాసన అన్నది చెప్పం. మీ మనిషి వాసన ఏమిటో ముందు మీరు చెప్పాలి. సబ్బు అన్నారు, కాఫీ అన్నారు, అత్తరు అన్నారు. చాలామందికి గుర్తే లేదు. గుర్తు లేదని అక్కడే తెలుసుకుని ఏడ్చినవాళ్ళు ఉన్నారు. ఒక తల్లి మాత్రం వచ్చీ రాగానే, "పాలు! మా అమ్మాయి దగ్గర పాల వాసన వచ్చేది!" అంది. ఆపైన ఏం చెప్పాలో తెలియక నా ముఖంలోకి చూసింది. వజీహ్ గాడు బజార్లో వాగాడని తర్వాత తెలిసింది. నేను వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆ తల్లిని నజ్లా లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. వాళ్ళమ్మాయి గురించి సాయంత్రం దాకా చెప్పించుకుంది.

జూన్‌లో బాల్‌బెక్ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పేరు అబూ హాతెమ్. తెల్లటి తలగుడ్డ, శుభ్రమైన బట్టలు. చేతుల్లో ఏమీ తేలేదు. కాఫీ ఇస్తే తాగలేదు, ముందు పని అన్నాడు.

"నా భార్య ఫిద్దా. ఎనభై నాలుగు అక్టోబరులో, కొండదారిన స్కూలు నుంచి ఇంటికి వస్తూ కనబడకుండా పోయింది," అన్నాడు.

"ఆవిడ దగ్గర ఏం వాసన వచ్చేదో చెప్పగలరా?"

ఆయన సిగ్గుపడ్డాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, పరాయి ఆడవాళ్ళ ముందు ఆ మాట చెప్పడానికి తల దించుకున్నాడు.

"మాకు రెండు మేకలుండేవి. పొద్దున్నే పాలు కాచి స్కూలుకెళ్ళేది. హడావిడి మనిషి, రోజూ పొంగించేది. నేను రోజూ తిట్టేవాణ్ణి. చిన్నపిల్లల టీచరు. సుద్దపొడి కొంగు నిండా ఉండేది, దులుపుకోమంటే వినేది కాదు. ఆ వారం అక్రోటు ఒలుస్తున్నాం. చేతులు నల్లబడ్డాయి, పిల్లలు నవ్వుతారని ఒకటే గొడవ. నిమ్మకాయతో రుద్దినా పోలేదు."

నజ్లా లేచి వచ్చి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆయనకి అర్థమైంది.

పరీక్షకి కొడుకు రక్తం ఇప్పిస్తానన్నాడు గానీ, ఫలితానికి ఆగలేదాయన. అదే రోజు చోటు చూపించమన్నాడు. నా కారులో తీసుకెళ్ళాను. నఖ్లే అన్న గేటు దాకా ఎదురొచ్చాడు. ఇద్దరూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. వరుస చివర గొయ్యి ఇంకా పూడ్చలేదు. అబూ హాతెమ్ దాని అంచున నిలబడి ప్రార్థన చదివాడు. తర్వాత తీగల్ని చూశాడు.

"ఈ తీగల కాయలు ఏం చేశావు?"

నఖ్లే అన్న అబద్ధం చెప్పొచ్చు. నేనైతే చెప్పేదాన్నేమో. "వైన్ చేశాను, అబూ హాతెమ్. తాగాం. తెలియక తాగాం."

ఆయన ముఖం రాయిలా అయిపోయింది. ఆయన ఇంట్లో ఏడు తరాలుగా, మతం ఒప్పని ఆ పదార్థం గడప దాటి ఉండదు. పెళ్ళాన్ని మట్టి తిన్నది, మట్టిని తీగ తిన్నది, తీగని పరాయి మనుషులు తాగారు. అదంతా ఆయన కళ్ళలో కదలడం చూశాను. కొడతాడేమో అనుకున్నాను. నఖ్లే అన్న కూడా అలాగే అనుకున్నాడేమో, చేతులు కిందికి వదిలేసి నిలబడ్డాడు.

"మిగిలిందా ఇంకా?" అన్నాడు చివరికి.

"ముప్పై సీసాలు."

"తీసుకురా."

అందరం మోశాం, ఒదెట్ కూడా. నఖ్లే అన్న ఒక్కొక్కటే బిరడా తీసి ఇచ్చాడు. అబూ హాతెమ్ సీసా మెడని జేబురుమాలుతో పట్టుకుని, ఆమెని తీసిన చోట, నెమ్మదిగా మట్టిలోకి వంచాడు. ఎండలో ఆ ఎరుపు నేలలోకి ఇంకిపోతూ ఉంది. ఏ సీసానీ విసిరేయలేదు. ముప్పయ్యోది ఖాళీ అయ్యాక మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ ఆ తడిమట్టి మీద పెట్టాడు.

"ఒక్కటడుగుతాను తల్లీ," అన్నాడు నజ్లాతో. "భయానికి వాసన ఉంటుందా?"

నజ్లా కళ్ళు మూసుకుంది. ఊరడించే మాట కోసం వెతకడం లేదని నాకు తెలుసు. నిజంగా గుర్తు తెచ్చుకుంటోంది.

"ఉంటుందేమో తాతా. మిత్రీ బాబాయ్ దగ్గర చెమట ఉండేది, పుల్లటిది. నేనెవరికీ చెప్పలేదు." నఖ్లే అన్న తల తిప్పుకున్నాడు. "ఆవిడ దగ్గర అది లేదు. పాలు, సుద్ద, అక్రోటు. అంతే."

అబూ హాతెమ్ తల ఊపాడు.

"అయితే ఇంటికి వస్తున్నాననే అనుకుంది," అన్నాడు.

ఫలితం ఆగస్టులో వచ్చింది. ఫిద్దాని వాళ్ళ ఊళ్ళో పూడ్చారు. మమ్మల్ని పిలిచారు, వెళ్ళాం. నఖ్లే అన్న మగవాళ్ళతో కలిసి పాడె వెనక నడిచాడు. ఆవిడ దగ్గర అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు, ఇప్పుడు వాళ్ళే అమ్మమ్మలు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి నజ్లాని ముద్దు పెట్టుకున్నారు. ఎవరి కొంగు వాసనా ఆమెకి తెలియలేదు. తిరిగి వస్తుంటే కారు అద్దానికి తల ఆనించి, జహ్లే దీపాలు కనిపించేదాకా నిద్రపోయింది.